అడుసు మింగిన సైకిలు

మొన్న మా పెదనాన్న కొడుకు తన కూతురికి ఓణీల ఫంక్షన్ చేశాడు. భోజనాలయ్యాక, చెన్నై నుంచి వచ్చిన స్నేహితులను చుట్టూ కూర్చోబెట్టుకుని, నన్ను చూపించి ఒక కథ చెప్పాడు. చిన్నప్పుడు నేను సైకిలుతో సహా సరస్సు అడుసులో కూరుకుపోయానట. తను నడుము లోతు దిగి నన్ను బయటికి లాగాడట. సైకిలు కూడా తనే తీసి, కడిగి, నా చేతికిచ్చాడట. అందరూ నావైపు చూసి నవ్వారు. వాళ్ళ పాప కొత్త ఓణీ సర్దుకుంటూ, "నిజమా అత్తా?" అని అడిగింది.

నేను చేతిలో ఉన్న పాయసం గ్లాసులోకి చూశాను. జనంలో నాకు మాట పెగలదు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. ఇంటికి వచ్చి రాసుకోవడం మాత్రం వచ్చు. మా అన్న ఆ సంగతి ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు.

మా ఊరు ఉప్పు సరస్సుకి పడమటి ఒడ్డున ఉంది. ఒక పక్క వరి మళ్ళు, ఇంకో పక్క సరస్సు. హైస్కూలు ఉన్న మండల ఊరిదాకా రోడ్డు దారం లాగి పట్టుకున్నట్టు తిన్నగా పోతుంది. ఇంత చదును నేల మీద సైకిలు తొక్కడం హాయి అని కొత్తవాళ్ళు అనుకుంటారు. కొండ లేనిచోట గాలే కొండ. పొద్దున్నే పడమటి గాలి ఎదురు కొట్టేది. సాయంత్రం ఇంటికి తిరిగేసరికి సముద్రపు గాలి లేచేది, అదీ ఎదురే. దేవుడు మా ఊరిని తప్పు పక్కన పెట్టాడని మా అవ్వ అనేది. ఆమె జన్మలో సైకిలెక్కలేదు. నడిచేవాళ్ళకి కూడా ఆ గాలి తెలుసు.

తొమ్మిదో తరగతిలో బడిలో ఆడపిల్లలకు సైకిళ్ళు ఇచ్చారు. నాది నీలం రంగు, ముందు ఇనప బుట్ట. కొత్త రబ్బరు వాసన పోకూడదని మొదటివారం దాన్ని వసారాలో నా మంచం పక్కన పెట్టుకుని పడుకున్నాను. గొలుసుకు అమ్మ ఆముదం పూసేది. ఎండెక్కేసరికి ఆ ఆముదం వేడెక్కి, నేను ఎక్కడికి పోతే అక్కడికి ఆ వాసన కూడా వచ్చేది.

గాలిని మోసం చేయడానికి మాకొక ఉపాయం ఉండేది. కోతల రోజుల్లో గడ్డి ట్రాక్టర్లు తిరిగేవి. ఇంటి కప్పు ఎత్తున వరిగడ్డి వేసుకుని నెమ్మదిగా పోయే ట్రాక్టరు వెనక చేరితే గాలి తగలదు. తొక్కకుండానే ఎవరో లాక్కుపోతున్నట్టు ఉంటుంది. గడ్డి పరకలు ఎగిరొచ్చి జడలో చిక్కుకునేవి. డ్రైవరు వెనక్కి తిరిగి, "పడినారంటే నన్నడగబాకండి మే" అని అరిచేవాడు. ఇంటికెళ్ళాక అవ్వ నా జడలోంచి పరకలు ఏరుతూ, "బడికి పోయినావా, మేతకి పోయినావా?" అనేది.

బడి అయ్యాక మండల ఊళ్ళో లైబ్రరీకి పోయేదాన్ని. ఒకే గది. పైన ఫ్యాను తిరుగుతుంటే పేజీలు వేళ్ళకింద కొట్టుకునేవి. బయట ఒకామె పులిబొంగరాలు వేసేది. ఆ నూనె వాసన పీలుస్తూ చదివిన పుస్తకాలు ఇప్పుడు తీసినా నాకు ఎర్ర చట్నీ గుర్తొస్తుంది. పొద్దు వాలకముందే లేచి, ఎదురుగాలిలో, చదివిన కథ నెమరేసుకుంటూ ఇంటికొచ్చేదాన్ని. ఎవరితోనూ మాట్లాడాల్సిన పని లేని ఆ దారి ఒక్కటే నాకు సొంతంగా ఉండేది.

ఆ ఏడే మా అన్న నెల్లూరు హాస్టలు నుంచి ఇంటికొచ్చేశాడు. ఇంటర్ తప్పాడు. ఆరో తరగతి నుంచీ అక్కడే ఉన్నవాడు కాబట్టి ఊళ్ళో అతనికి మళ్ళూ తెలియవు, మనుషులూ తెలియరు. పెదనాన్న కోపంతో మోటారుసైకిలు తాళాలు లాక్కుని బీరువాలో పెట్టేశాడు. కాలు నిలవనివాడు నడవాల్సి వచ్చింది. నా సైకిలు మీద అతని కన్ను పడటం నేను చూశాను. మొదట అడిగాడు. నేను తల అడ్డంగా ఊపాను. తర్వాత రోజూ పొద్దున్నే గాలి తీసేసేవాడు. నేను పంపు కొట్టుకుంటుంటే అరుగు మీద కూర్చుని, "ఏం మే మూగదానా, ఊదు ఊదు, నోటితో ఊదు, ఎట్టాగూ దాంతో ఇంకేం పనిలేదు గదా" అనేవాడు.

ఒక సాయంత్రం నేను వచ్చేసరికి మా వసారాలో అందరూ ఉన్నారు. పెదనాన్న కుర్చీలో, నాన్న గోడకి ఆనుకుని నిలబడి, అవ్వ గుమ్మం దగ్గర, అమ్మ తలుపు వెనక. అన్న మాత్రం హాయిగా తిన్నె మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు.

"నేను కళ్ళారా చూసినా చిన్నాన్నా" అన్నాడు. "లైబ్రరీ లేదు, పాడూ లేదు. సైకిలు షాపు కాడ నిలబడి, ఆడ పనిచేసే వాడితో ఒకటే నవ్వులు. బజారంతా చూస్తాండారు."

నేను నవ్వడం. అదీ బజారులో. మా ఇంట్లోవాళ్ళు నా పళ్ళు చూసి ఎన్నాళ్ళయిందో వాళ్ళకే తెలియాలి.

నాన్న నావైపు తిరిగాడు. "నిజమేనా మే?"

లేదు అనే రెండక్షరాలు గొంతులో అడ్డం తిరిగి నిలబడ్డాయి. అందరి కళ్ళూ నా మీదే ఉన్నాయి. నాన్న ఇంకొంచెం ఆగి ఉంటే వచ్చేదేమో. ఆగలేదు. తల దించుకున్నాడు.

"చూడు, నోరు తెరవదు" అన్నాడు పెదనాన్న. "లేనిదైతే లేదని చెప్పదా?"

"సైకిలెక్కిన పిల్లకి ఊరు చాలదని నేనప్పుడే చెప్పినా" అంది అవ్వ.

"సైకిలు మా కొట్టంలో పెట్టిస్తా. పరీక్షలదాకా ఆటోలో పోనీ. సెలవులైనాక పదో తరగతి ఎందుకు, కుట్టుమిషను నేర్చుకుంటే సరిపోదా" అని తీర్పు చెప్పి పెదనాన్న లేచాడు. మా ఇంట్లో ఆయన లేచాడంటే మాట అయిపోయినట్టే.

కొట్టంలో పెడతానన్న సైకిలు వారం తిరక్కుండా అన్న తొడల కింద కనిపించింది. బుట్ట ఊడదీశాడు. హాండిలుకు ఎర్ర కుచ్చులు కట్టాడు. మా గుమ్మం ముందుకి వచ్చినప్పుడు కావాలని చేతులు వదిలేసి తొక్కేవాడు. ఆ బుట్టని పెద్దమ్మ గడ్డి పరిచి కోడికి ఇచ్చింది. నా పుస్తకాలు పెట్టుకున్న బుట్టలో ఎర్రకోడి గుడ్లు పెట్టి, ఎవరైనా దగ్గరికి పోతే ఈకలు విప్పి కసిరేది. ఆ కోడి మీద కూడా నాకు కోపం వచ్చింది. ఆ వేసవంతా అన్నం తింటున్నా, అంట్లు తోముతున్నా, నా లోపల ఒకటే పని జరుగుతుండేది. వాడికి ఏం చేయాలి, ఎలా చేయాలి. ఇన్ని పుస్తకాలు చదివింది ఇందుకేనేమో అనిపించేది.

ఎండాకాలం మా వైపు సరస్సు ఎండిపోతుంది. గూడబాతులు పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోతాయి. మిగిలిన నేల మీద ఉప్పు పేరుకుంటుంది. మధ్యలో ఉన్న దీవికి చలికాలంలో పడవలో పోయేవాళ్ళం, ఎండల్లో సైకిళ్ళ మీదే పోయేవాళ్ళం. అయితే ఒక సంగతి తెలిసుండాలి. బూడిద రంగులో పగుళ్ళిచ్చిన నేల గట్టిది. పాలరాయిలా తెల్లగా మెరిసే చోట పైన ఉప్పు పెంకు, కింద నల్లటి అడుసు. కింద తడి ఉంటేనే ఉప్పు అంత తెల్లగా పైకి తేలుతుంది. ఇది నేను పుస్తకంలో చదవలేదు. ఐదో తరగతిలో ఉన్నప్పుడు ఆ తెలుపు మీద గంతులేయబోయి నడుము దాకా దిగబడ్డాను. అంతకంటే లోతు లేదు, అడుగున ఇసక తగులుతుంది. నాన్న జుట్టు పట్టుకుని లాగాడు. కుళ్ళిన కోడిగుడ్డు కంపు, ఎన్ని కుంకుడుకాయలు పోసి రుద్దినా రోజుల తరబడి పోలేదు. ఊళ్ళో ప్రతి పిల్లా పిల్లాడూ ఒక్కసారైనా అలా దిగబడి తెలుసుకున్నవాళ్ళే. హాస్టల్లో పెరిగినవాడు తప్ప.

బడి తెరవబోయే ముందు దీవిలో గంగమ్మ కొలుపు. పెద్దలు ట్రాక్టరులో, మిగతావాళ్ళు సైకిళ్ళ మీద పోతారు. దారికి రెండు వైపులా తాటిమట్టలు పాతి ఉంటాయి. ఆ దారి తెల్లటి మేరను తప్పించుకుంటూ పెద్ద వంపు తిరుగుతుంది. ఒడ్డు నుంచి బయల్దేరి ముందుగా దీవి చేరిన సైకిలుకి కొలుపు పొట్టేలు తల ఇస్తారు. ఆ తల కోసం మొగవాళ్ళు ఏడాదంతా మాట్లాడుకుంటారు. ఈసారి తల నాదే అని మా అన్న ముందునుంచే చాటుకుంటున్నాడు.

వాడికి అబద్ధం చెప్పి అటు పంపొచ్చు. తెల్లనేల గట్టిదన్నా, అడ్డదారిలో పో, అనొచ్చు. రెండు రోజులు అదే ఆలోచించాను. కానీ అబద్ధం చెబితే తప్పు నాదవుతుంది. పైగా నా మాట వాడు నమ్మడు. అక్కడే నాకు దారి దొరికింది. నేను ఏం చెప్పినా వాడు నమ్మడు.

ముందొకసారి పరీక్షించి చూశాను. పెద్దమ్మ వాళ్ళింట్లో బంతిలో కూర్చున్నప్పుడు మెల్లగా, "ఆ పచ్చిమిరప పచ్చడి వేసుకోబాక అన్నా, మంట" అన్నాను. వాడు నన్ను ఎగాదిగా చూశాడు. "ఓహో, నీకు మిగలదనా?" అని గరిటెడు వేసుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు కారుతున్నా ముద్ద ఆపలేదు. నేను మజ్జిగ తాగి చేయి కడుక్కున్నాను.

కొలుపు రోజు నాన్న ట్రాక్టరు ఎక్కాడు. పెరుగన్నం క్యారియరు తీసుకుని ఆయన పాత సైకిలు మీద నన్ను రమ్మన్నారు. అది మొగవాళ్ళ సైకిలు, సీటు నాకు అందదు. బారు కిందనుంచి కాలు దూర్చి తొక్కాలి. ఒడ్డున సైకిళ్ళన్నీ వరసగా నిలబడ్డాయి. నా నీలం సైకిలు మీద అన్న, వెనక క్యారేజీ మీద అతని హాస్టలు స్నేహితుడు. అన్న తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకున్నాడు. తెల్లటి మేర వైపు చేయి చూపించి స్నేహితుడితో, "సిమెంటు చేసినట్టుండాది చూడరా. అడ్డం కొడితే సగం దూరం" అంటున్నాడు.

నేను సైకిలు స్టాండు వేశాను. ట్రాక్టరు పక్కనుంచి నడిచి వాడి ముందుకి వెళ్ళాను. ట్రాక్టరు మీదున్న పెద్దలందరికీ వినపడేటట్టు అన్నాను.

"ఆ తెల్లదాని మీదికి పోబాక అన్నా. దిగబడతావు."

నా గొంతు నాకే కొత్తగా ఉంది. ట్రాక్టరు మీద తలలన్నీ ఇటు తిరిగాయి. అన్న వెనక్కి తిరిగి స్నేహితుడితో, "చూసినావా? మూగది ఈ రోజు మాట్లాడింది" అన్నాడు. నాతో, "నేను గెలిస్తే నీకు కడుపుమంట మే. నాకు తెలీదా?"

"పిల్ల ఏదో చెప్తాండాది, వినబ్బయా" అన్నాడు ట్రాక్టరు మీంచి ఒక ముసలాయన.

"దాని మాట మీరు వినండి తాతా" అని నవ్వాడు అన్న.

హారను మోగింది. సైకిళ్ళన్నీ తాటిమట్టల దారి పట్టాయి. ఒక్క నీలం సైకిలు పక్కకి విడిపోయి, తిన్నగా, ఎర్ర కుచ్చులు ఎగురుతుండగా, తెల్లటి మేర మీదికి పోయింది.

మొదట అప్పడం విరిగినట్టు పటపటమని చప్పుడు. ముందు చక్రం ఆగిపోయింది. వెనక కూర్చున్నవాడు ఎగిరి పక్కకి దూకి, బోర్లా పాకుతూ వచ్చిన జాడలోనే బయటపడ్డాడు. అన్న సైకిలు వదలకుండా ఇంకా తొక్కాలని చూశాడు. ఎంత తొక్కితే అంత కిందికి పోయింది. మోకాళ్ళు, తొడలు, నడుము. ఆ కంపు గాలిలో మాదాకా వచ్చింది.

ట్రాక్టరు ఆపారు. తాటిమట్టలు పీకి పరిచారు, తాడు విసిరారు. లాగుతున్నంతసేపూ ఊరు ఊరుకోలేదు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల?"

"కాలంటే కడుగుతాడు, ఆ ప్యాంటెవురు ఉతుకుతారబ్బా?"

"పొట్టేలు తల పోతే పోనీలేరా, నీ తలకాయ మిగిలింది."

"పిల్ల చెప్పింది గదరా? మేమందరం విన్నాం. చెవుల్లో ఏం పెట్టుకున్నావు?"

నడుము కింద నల్లగా, పైన తెల్లగా, ఒక్క చెప్పు కూడా లేకుండా, నలుగురు లాగితే వాడు ఆ మట్టల మీదికి వచ్చి పడ్డాడు. లేచి నావైపు చూశాడు. నేను నవ్వాను. అందరి ముందూ, పళ్ళన్నీ కనపడేటట్టు, కడుపు పట్టుకుని నవ్వాను. నేను నవ్వితే ఎలా ఉంటుందో మా ఊరు ఆ రోజు చూసింది.

సైకిలు హాండిలు ఒక్కటి పైకి కనిపిస్తోంది. దాన్నెవరూ పట్టించుకోలేదు. దీవిలో భోజనాల దగ్గర ఎవరో అడిగితే, కొడుకు మీద మంటతో పెదనాన్న, "పోతే పోయింది. అడుసు మింగింది ఎవురు తీస్తే వాళ్ళది. మన కాడ ఉండే కట్టుబాటే గదా" అన్నాడు. నిజంగానే అది సరస్సు ఒడ్డు ఊళ్ళన్నిటికీ ఉన్న కట్టుబాటు. అంతకుముందు ఏడు అడుసులో ఇరుక్కుపోయి వదిలేసిన ఒక చిన్న పడవని పెదనాన్న మనుషులను పెట్టి లాగించి, అడగొచ్చిన బెస్తవాళ్ళకి ఇదే మాట చెప్పి, తనే ఉంచుకున్నాడు. నేను పులుసన్నం కలుపుతూ ఆ మాట విన్నాను. ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయాను.

మర్నాడు పొద్దు పొడవగానే బావి తాడు భుజాన వేసుకుని నడిచి బయల్దేరాను. కొంతదూరం పోయాక వెనక అడుగుల చప్పుడు వినిపించింది. నాన్న. మాట రాకపోవడం నాకు ఆయన దగ్గర్నుంచే వచ్చింది. ఇద్దరం ఆ చోటుకి వెళ్ళాం. నేను మట్టలు సర్ది, వాటి మీద బోర్లా పడుకుని, హాండిలుకి తాడు ముడేశాను. లాగితే కదల్లేదు. నాన్నవైపు చూశాను.

ఆయన గట్టినేల మీద నిలబడి రెండు చేతులూ వెనక కట్టుకున్నాడు.

"నేను ముట్టుకోను" అన్నాడు. "నేను ముట్టుకుంటే నాదవుతాది, నాదైతే మీ పెదనాయనదైనట్టే. నువ్వే లాగు."

లాగాను. తాడు అరచేతుల్లో కోసుకుపోయింది. అడుసు ఒకసారి వదిలినట్టే వదిలి మళ్ళీ పట్టుకునేది. "కొంచెం కొంచెంగా. పక్కకి ఊపు. ఇప్పుడు లాగు" అని నాన్న అక్కణ్ణుంచే చెబుతున్నాడు. ఎండ వీపు మీదికి వచ్చేసరికి ముందు చక్రం పైకి వచ్చింది. మిగతాది దానంతటదే జారి వచ్చింది. నేను దాని మీదే పడి కాసేపు లేవలేదు. నాన్న గొంతు సవరించుకున్నాడు. ఏదో చెప్పబోయాడు, చెప్పలేదు. ఆ రోజు వసారాలో అడగాల్సినట్టు అడగలేదని చెప్పబోయాడేమో అని ఇన్నేళ్ళుగా అనుకుంటున్నాను. ఆయన చెప్పలేదు కాబట్టి నేను అది ఆయనకి జమ వేయను.

ఇంటికి కాదు, తిన్నగా పెదనాన్న వాకిట్లోకి నడిపించుకుపోయాను. ఒంటినిండా నల్లటి మట్టి. ఆయన కాఫీ తాగుతున్నాడు.

"ఎవురు లాగినారు?"

"నేనే."

"మీ నాయన?"

"ముట్టుకోలేదు."

ఇంట్లోంచి అన్న వచ్చాడు. "అది నాది నాన్నా."

"నోరు మూసుకో" అన్నాడు పెదనాన్న. "పడవ కాడ నేనేం చెప్పినానో ఊరంతా విన్నది. నిన్న కూడా విన్నది. ఇప్పుడు మాట మారిస్తే ఎవురన్నా మొహాన ఉమ్ముతారా, లేదా?"

నేను కదల్లేదు. ఆయన ఇంకేంటన్నట్టు చూశాడు.

"బుట్ట" అన్నాను.

"కోడి పొదుగుతాండాది మే" అంది పెద్దమ్మ. "పిల్లలు కానీ, ఇస్తాలే."

"ఉంటాను" అన్నాను. అక్కడే నిలబడ్డాను. మట్టి ఎండి, నా మీంచి ఆమె కడిగిన వాకిట్లో రాలుతోంది. పెద్దమ్మ చాలాసేపు గొణిగింది. చివరికి గుడ్లన్నీ చేటలోకి మార్చింది. కోడి నన్ను పొడవాలని చూసింది. బుట్ట తీసుకుని వచ్చేశాను.

బడి తెరిచిన రోజు పొద్దున అమ్మ ఎవరినీ అడగలేదు. క్యారియరు కట్టి బుట్టలో పెట్టి, గొలుసుకు ఆముదం పూసింది. పెదనాన్న నోరెత్తలేదు. వాళ్ళ గుమ్మం ముందుకి వచ్చేసరికి అన్న అరుగు మీద పళ్ళు తోముకుంటున్నాడు. రోడ్డు మీద మనిషి లేడు, మేక లేదు. అయినా బెల్లు కొట్టాను. వాళ్ళ ప్రహరీ మొదలైన దగ్గర్నుంచి అయిపోయేదాకా కొట్టాను. పదో తరగతి అంతా, రోజూ, రెండు పూటలా కొట్టాను. వాడు ఏ ఒక్కరోజూ తలెత్తలేదు. పడమటి గాలి మొహాన కొడుతుంటే అంత హాయిగా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు.

నా మీద చెప్పిన మాట మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు. అవ్వ పోయేదాకా ఆ సైకిలు షాపు సంగతి నమ్మే పోయింది. ఉప్పు తిన్న సైకిలు ఎన్నాళ్ళో నిలవలేదు. రిమ్ములు పొరలు పొరలుగా ఊడాయి. ఒడ్డున వరి మళ్ళు రొయ్యల గుంటలయ్యాయి. దీవికి కంకర రోడ్డు పడింది, పొట్టేలు తల కోసం ఇప్పుడెవరూ తొక్కరు. గడ్డిని యంత్రాలు పొలంలోనే చుట్టలు చుడుతున్నాయి, ఆ చాటున సైకిలు పట్టదు. లైబ్రరీ గదికి తాళం వేసి చాలా కాలమైంది.

పగ మంచిది కాదని, క్షమించినవాళ్ళే పెద్దవాళ్ళని నేను చదివిన పుస్తకాలన్నీ చెప్పాయి. బాగానే చెప్పాయి. వాటిలో సగం నేను ఆ సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి చదివినవే.